మెజారిటీ కాదు, ఏకాభిప్రాయం ఎక్కడుందో చూడండి

ప్ర: మా అపార్ట్‌మెంట్‌లో 84 ఫ్లాట్లు. ట్యాంకర్ల ఖర్చు అందరికీ సమానంగా పంచాలా, మీటర్లు పెట్టాలా అన్నది వాట్సాప్ గ్రూపులో నెలరోజులుగా తెగడం లేదు. మాట్లాడేది ఆ ఆరేడుగురే. అందరి మనసులో మాట తెలిసేదెలా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జ: గ్రూపులో జవాబుకు జవాబు పెరిగి, పదో మెసేజీకల్లా నీళ్ల సంగతి పోయి మనుషుల సంగతి మిగులుతుంది. పోలిస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో జవాబిచ్చే వీలే ఉండదు. ఒక్కో వాక్యం తెరమీదికి వస్తుంది. ఒప్పుకుంటాను, ఒప్పుకోను, వదిలేస్తాను అని నొక్కడమే. కావాలంటే సొంత వాక్యం చేర్చవచ్చు. ఓట్ల తీరును బట్టి ఎవరెవరు ఒకేలా ఆలోచిస్తున్నారో అదే గుంపులు కడుతుంది. 2015లో తైవాన్‌లో ఉబర్ వివాదంపై ఇలాగే చేశారు. ఉబర్ కావాలన్నవాళ్లూ వద్దన్నవాళ్లూ ప్రయాణికుల బీమా లాంటి విషయాల్లో కలిశారు. ముఖాముఖి చర్చ అక్కడి నుంచి మొదలైంది.

మీరు ముందుగా 10–12 వాక్యాలు రాసి పెట్టండి, మీకు నచ్చనివి కూడా. ఖాళీగా తెరిస్తే మొదట వచ్చినవాళ్ల మాటలే చర్చను నడిపిస్తాయి. ఒక వాక్యంలో ఒకే విషయం ఉండాలి. ‘మీటర్లు పెట్టాలి, ఖర్చు ఓనర్లే భరించాలి’ అని రాస్తే, మొదటి సగం మాత్రమే ఒప్పుకునేవారు ఏం నొక్కాలి? రెండుగా విడగొట్టండి. రెండు వారాలు తెరిచి ఉంచండి. ఆలస్యంగా చేరిన వాక్యాలకు ఓట్లు తక్కువ పడతాయి కాబట్టి చివరి మూడు రోజులు కొత్తవి తీసుకోకండి. ముందే ఓటేసినవాళ్లను మధ్యలో ఒకసారి మళ్లీ పిలవండి. అద్దెకుండేవాళ్లకూ లింకు పంపండి. నీళ్లు వాడేది వాళ్లే కదా! ఫోను వాడలేని పెద్దలకు వాక్యాలు చదివి వినిపించి, వాళ్లు చెప్పిందే నొక్కాలి.

పదిహేను మందే ఓటేస్తే ఆ గుంపులను పట్టించుకోకండి. ఎందరు వేసినా అది తీర్మానం కాదు, జనరల్ బాడీకి ఎజెండా మాత్రమే. అన్ని గుంపులూ ఒప్పుకున్న వాక్యాలతో మీటింగు మొదలుపెట్టండి, మీటర్ల గొడవతో కాదు.

ప్ర: పోలిస్‌లో వాక్యాలు రాసినవాళ్ల పేర్లు కనిపించకపోతే తిట్లు రావా?
– మరో పాఠకుడు, గుంటూరు

జ: వస్తాయి. అందుకే వాక్యం ముందు మోడరేటర్ దగ్గర ఆగేలా సెట్టింగు పెట్టుకోవాలి. తిట్లు, మనుషుల పేర్లు, ఉన్నదే మళ్లీ రాసినవి – ఈ మూడింటినే తీసేయాలి. ఆ పని సెక్రటరీ ఒక్కరికే ఇస్తే, తనకు నచ్చనిదల్లా తిట్టులాగే కనిపిస్తుంది. ఇరుపక్షాల నుంచీ ఒక్కొక్కరిని కూర్చోబెట్టండి.