యువ రచయిత్రికి లేఖ: ఎలా తెలిసిందో కూడా రాయి

కర్నూలు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

అంతరిక్ష టెలిస్కోపుల మీద, గ్రహాల దాకా వెళ్లిన నౌకల మీద నీవు రాసి పంపిన వ్యాసం అందింది. పన్నెండు పుటలూ రెండుసార్లు చదివాను. వాక్యం శుభ్రంగా ఉంది, అచ్చుకు పనికివస్తుంది. పొగడ్త ఇంతటితో చాలు, నేను చదువుతూ ఆగిపోయిన చోటికి వస్తాను.

నాలుగో పుటలో "1979లో వాయేజర్ గురుగ్రహపు ఉపగ్రహమైన అయో మీద అగ్నిపర్వతాలను కనుగొన్నది" అని ఒక్క వాక్యంలో తేల్చేశావు. అందులో తప్పేమీ లేదు. కానీ అది చదివినవారికి, ఆ నౌక కళ్లున్న మనిషిలాగా వెళ్లి, మండుతున్న కొండను చూసి, మనకు కబురు పంపినట్టు తోస్తుంది. జరిగింది వేరు. వాయేజర్-1 ఆ ఏడాది మార్చి 5న గురుగ్రహానికి అతి దగ్గరగా వెళ్లి దాటిపోయింది. మూడు రోజుల తర్వాత, సుమారు 45 లక్షల కిలోమీటర్ల దూరం నుంచి, వెనక్కు చూసి అయోను ఒక ఫొటో తీసింది. అయో వెనుక మసకగా కనిపించే నక్షత్రాలను బట్టి నౌక సరిగ్గా ఎక్కడుందో లెక్కగట్టుకోవడానికి, అంటే కేవలం దారి కోసం, తీసిన ఫొటో అది. కాలిఫోర్నియాలోని నాసా కేంద్రమైన జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీలో ఆ లెక్కలు చూసే ఇంజనీరు లిండా మొరబిటో, మరునాడు ఆ నక్షత్రాలు తేలేలా బొమ్మ వెలుగును పెంచినప్పుడు, అయో అంచుకు బయట నెలవంక ఆకారంలో ఒక మబ్బు కనిపించింది. కెమెరా లోపమేమోనని చూశారు, కాదు. వెనుక మరో ఉపగ్రహం తొంగిచూస్తున్నదేమోనని లెక్క వేశారు, ఆ వేళకు ఆ చోట అంత పెద్దది ఏదీ లేదు. ఒక్కొక్క అనుమానాన్నీ కొట్టివేస్తూ పోగా మిగిలిన సమాధానం ఒక్కటే: అయో నేల నుంచి 250 కిలోమీటర్లకు పైగా ఎగజిమ్మిన అగ్నిపర్వతపు చిమ్ముడు. భూమి కాక మరొక లోకంలో, ఆ క్షణాన రగులుతున్న అగ్నిపర్వతాన్ని మనిషి చూడడం అదే మొదలు.

దీనికి ముందుమాట కూడా ఉంది, అది నీ వ్యాసంలో అసలే లేదు. ఆ ఫొటోకు వారం లోపే, మార్చి 2న, పీల్, కాసెన్, రేనాల్డ్స్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు ఒక పత్రం ప్రచురించారు. యూరోపా, గానిమీడ్ అనే తోటి ఉపగ్రహాల లాగుడు వల్ల అయో కక్ష్య పూర్తి గుండ్రంగా ఉండలేదనీ, గురుగ్రహానికి దగ్గరవుతూ దూరమవుతూ తిరగడంలో దాని గర్భం నలిగి వేడెక్కుతుందనీ, లోపల చాలా భాగం కరిగి ఉండవచ్చుననీ వారు లెక్కలతో చెప్పారు. కాగితం మీద లెక్క ముందు వచ్చింది, ఫొటోలో మబ్బు వెనుక వచ్చింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చెప్పి ఉంటే, నీ పాఠకుడు ఆ పుట తిప్పకుండా ఒక నిమిషం ఆగేవాడు.

తొలకరి పడగానే మన జొన్నగిరి, తుగ్గలి చేలల్లోకి వజ్రాల కోసం ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి దిగడం నీవూ చూసే ఉంటావు. వానకు కడిగిన నేలలో ప్రతి పలుగురాయీ మెరుస్తుంది. మెరిసినదానికల్లా వంగేవాడు మధ్యాహ్నానికే అలసిపోతాడు. పలుగురాయి మెరుపు ఎలా ఉంటుందో ఏళ్ల తరబడి చూసి ఎరిగినవాడికే, అలా లేని మెరుపు కంటికి తగులుతుంది. అయో అంచు మామూలుగా ఎలా ఉండాలో మొరబిటోకు తెలుసు. నీవు చెప్పవలసిన కథ ఆ మెరుపుది మాత్రమే కాదు, ఆ ఎరుకది కూడా.

అందువల్ల నీ వ్యాసంలోని ప్రతి విశేషం పక్కనా పెన్సిలుతో "ఎలా తెలిసింది?" అని రాసుకో. జవాబు లేని చోటల్లా నీవు ఇంకా చదవాలి. శనిగ్రహపు ఉపగ్రహం ఎన్‌సెలాడస్ నుంచి నీటి ఆవిరి చిమ్ముతున్నదని రాశావు. దాని ఆచూకీ 2005లో కాసినీ నౌకకు మొదట తగిలింది కెమెరాలో కాదు, అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే పరికరంలో. గాలి లేదనుకున్న ఆ 500 కిలోమీటర్ల మంచు ముద్ద చుట్టూ శనిగ్రహపు అయస్కాంత రేఖలు వంగుతున్నట్టు ఆ పరికరాన్ని చూసుకునే మిషెల్ డోహర్టీ బృందం గమనించి, తర్వాతి చుట్టులో నౌకను ఇంకా దగ్గరగా పంపమని అడిగింది. జూలైలో 173 కిలోమీటర్ల దూరం నుంచి చూసినప్పుడు, దక్షిణ ధ్రువం దగ్గరి పగుళ్ల నుంచి ఆవిరి వస్తున్నదని తేలింది. కెప్లర్ టెలిస్కోపు విషయమూ అంతే. అది 2,600కు పైగా గ్రహాలను "చూసింది" అని రాశావు, నిజానికి ఒక్కదాన్నీ చూడలేదు. నక్షత్రం ముందు నుంచి గ్రహం అడ్డుగా వెళ్లినప్పుడు తగ్గే వెలుతురును కొలిచింది. భూమి అంత గ్రహం సూర్యుడి వంటి నక్షత్రానికి అడ్డువస్తే తగ్గే వెలుగు లక్షలో సుమారు ఎనిమిది పాళ్లు. ఆ అంకె ఒక్కటి వేస్తే చాలు, పక్కన విశేషణం అక్కరలేదు.

ఈ పాఠం నాకు ఊరికే రాలేదు. హబుల్ టెలిస్కోపు 1995లో తీసిన, ఈగిల్ నెబ్యులా అనే వాయు ధూళి మేఘంలోని స్తంభాల ఫొటోను చూసి, ఆ ఆకుపచ్చ వెలుగులను కళ్లారా చూసినవాడిలాగా వర్ణిస్తూ ఒక పత్రికకు రాశాను. పదిహేను రోజులకు ఒక పాఠకుడి పోస్టుకార్డు వచ్చింది: "ఆ ఆకుపచ్చను చూసినది ఎవరండీ?" వెతికితే తెలిసింది, అందులో ఆకుపచ్చ హైడ్రోజన్‌కు, ఎరుపు గంధకానికి, నీలం ఆక్సిజన్‌కు శాస్త్రవేత్తలు కేటాయించిన రంగులు. ఏ వాయువు ఎక్కడుందో విడివిడిగా కనబడడానికి ఆ ఏర్పాటు. నేను వర్ణించినది ఆకాశాన్ని కాదు, ఒక పటాన్ని. ఆ కార్డు ఇప్పటికీ నా బల్ల అరలో ఉంది.

ఇక చంద్రుడి మీద నీళ్ల సంగతి. ఇక్కడ నీ కలం మరీ ఉత్సాహపడింది, మన నౌక కదా, అర్థం చేసుకోగలను. 2008 అక్టోబరు 22న శ్రీహరికోట నుంచి వెళ్లిన చంద్రయాన్-1లో నాసా ఇచ్చిన ఎం-క్యూబ్ అనే పరికరం ఉంది. చంద్రుడి నేల తిప్పికొట్టే సూర్యకాంతిలో 3 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దగ్గరి, కంటికి కనబడని పరారుణ కాంతి కొంత తగ్గిపోవడాన్ని అది గుర్తించింది. నీటి అణువులు గానీ, వాటికి దగ్గరి చుట్టమైన హైడ్రాక్సిల్ గానీ మట్టి రేణువులకు అంటి ఉంటేనే ఆ తగ్గుదల వస్తుంది. 1999లో చంద్రుడి పక్కగా పోతూ కాసినీ సేకరించిన కొలతలూ, 2009లో డీప్ ఇంపాక్ట్ నౌక తీసిన కొలతలూ అదే మాట చెప్పాకనే, 2009 సెప్టెంబరులో లోకానికి ప్రకటించారు. నీవు మాత్రం "చంద్రుడి మీద నీరు పుష్కలం" అన్నావు. అమ్మాయీ, నీవు అనంతపురంలో కూర్చుని రాస్తున్నావు. అక్కడ వెయ్యి అడుగుల బోరు వేయించి, దుమ్ము తప్ప ఏమీ రాక, అప్పుతో మిగిలిన రైతు కూడా నీ వ్యాసం చదువుతాడు. అతడికి నీళ్లంటే పైపులోంచి దూకే ధార. రేణువుకు అంటిన అణువునూ ఆ ధారనూ ఒకే మాటతో చెప్పి ఊరుకుంటే, అతడిని మోసం చేసినట్టే.

క్రియాపదం దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. కె2-18బి అనే దూరపు గ్రహం మీద జీవం "బయటపడింది" అని రాశావు. 2025 ఏప్రిల్‌లో కేంబ్రిడ్జిలోని నిక్కు మధుసూదన్ బృందం చెప్పినది అది కాదు. జేమ్స్ వెబ్ టెలిస్కోపు పట్టిన కాంతిలో, మన సముద్రాల్లో ప్రధానంగా సూక్ష్మజీవులు పుట్టించే డైమిథైల్ సల్ఫైడ్, లేదా దాని వంటి మరో వాయువు గుర్తు కనబడుతున్నదన్నారు. అసలు ఆ వాయువులేవీ లేకపోయినా, యాదృచ్ఛికంగానే అంత బలమైన గుర్తు కనిపించే అవకాశం వెయ్యింట మూడు. ఆవిష్కరణ అనిపించుకోవడానికి ఆ అవకాశం పది లక్షల్లో ఒకటి కన్నా తగ్గాలని ఆ రంగంలో కట్టుబాటు. అవే కొలతలను మళ్లీ పరిశీలించిన ఇతర బృందాలు గట్టి ఆధారం లేదన్నాయి. "గుర్తు కనబడిందని ఒక బృందం అంటున్నది, మరికొందరు ఒప్పుకోలేదు" అన్న వాక్యం చప్పగా ఉంటుందని నీవు భయపడ్డట్టున్నావు. నాకైతే అదే ఆసక్తికరమైన వాక్యం, తగువు ఇంకా నడుస్తున్నది గనుక.

భాష గురించి ఒక్క మాట. "దర్పణం" కన్నా "అద్దం" మేలు. వెబ్ టెలిస్కోపు అద్దం 18 ముక్కలదీ, 6.5 మీటర్ల అడ్డుకొలత గలదీ అంటే ఎవరికైనా తెలుస్తుంది.

తొమ్మిదో పుటలో, కాసినీ మోసుకెళ్లిన హైగెన్స్ అనే చిన్న నౌక శనిగ్రహపు ఉపగ్రహం టైటాన్ మీద దిగిన ఏడు 2004 అని పడింది. 2004 జూలైలో కాసినీ శనిగ్రహాన్ని చేరింది, హైగెన్స్ దిగినది 2005 జనవరి 14న. అది దిద్ది, అయో భాగాన్ని ఒకటిన్నర పుటకు పెంచి, పుష్కలాన్ని కొట్టేసి మళ్లీ పంపు. ఈసారి చేతిరాత కాస్త పెద్దదిగా ఉంటే నా కళ్లు నిన్ను దీవిస్తాయి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు