పుష్య మాసం చలిలో సోనాపూర్ మొగ దగ్గర గాలానికి చేప పడుతుందా?

బరంపురం నుంచి తెల్లవారుజామునే మంచులో బయల్దేరి, మూడు ఆదివారాలు సోనాపూర్‌లో బాహుదా ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర గాలం వేసినా ఒక్క పండుగప్పా తగల్లేదని, ఇక సంక్రాంతి దాకా మానేయాలా అని అడిగారు. మానకండి, వెళ్లే టైమ్ మార్చండి.

నేనూ రెండేళ్లు ఇలాగే వణికి ఒట్టి చేతులతో వచ్చాను. తెల్లారగట్టే చేప తింటుందన్నది ఎండాకాలం లెక్క. మొగ లోపల లోతు తక్కువ కాబట్టి నీళ్లు రాత్రంతా చలికి చల్లబడిపోతాయి. సముద్రం అంత తొందరగా చల్లారదు. పొద్దున్నే ఏటి నీళ్లలో చెయ్యి పెడితే జివ్వుమంటుంది, అల వైపు పెడితే గోరువెచ్చగా ఉంటుంది. ఆ చల్లటి నీళ్లలో పండుగప్ప గుంటల్లో కదలకుండా ఉంటుంది. ఈ తేడా నాకు చూపించింది సోనాపూర్‌లో వల బాగుచేసుకుంటున్న ఒక తాత. "మధ్యాహ్నం పోటు ఎక్కేటప్పుడు రా బాబూ, సముద్రం నీళ్లతోపాటు చేప కూడా లోపలికొస్తుంది" అన్నాడు.

పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. ఈ ఆదివారం తెల్లవారుజామున వచ్చిన పోటు వచ్చే ఆదివారానికి మధ్యాహ్నమవుతుంది. ఆ రోజు వెళ్లండి. బతికున్న రొయ్యను ఎరగా పెట్టి, గుంట అంచున వదిలేసి ఊరుకోండి. చలికి మందగించిన చేప ఎర వెంట పరిగెత్తదు, దారం ఊరికే గుంజితే లాభం లేదు.

ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెబుతాను. ఒకసారి వేళ్లు కొంకర్లు పోయి, గాలం నుంచి జెల్ల చేపను తీస్తుంటే దాని విషపు ముల్లు బొటనవేలి కింద దిగింది. మోచేతి దాకా సలుపు. టీ కొట్టు ఆవిడ వేడి నీళ్లు పోసిన గిన్నెలో చెయ్యి పెట్టించింది. ఆ విషానికి వేడి తగిలితే బలం తగ్గుతుంది, అరగంటలో నొప్పి దిగింది. అయితే తిమ్మిరెక్కిన చేతికి వేడి తెలియదు, రెండో చేత్తో చూసుకోకపోతే బొబ్బలెక్కుతాయి. ముల్లు లోపల విరిగితే డాక్టరు దగ్గరికే. ఫ్లాస్కులో వేడి నీళ్లు, జెల్ల కోసం ఒక పటకారు తీసుకెళ్లండి.

రుషికుల్య మొగకు పడవ మీద వెళ్లాలని కూడా రాశారు. అది వద్దు. తాబేళ్ల కోసం నవంబర్ 1 నుంచి మే 31 వరకు అక్కడ 20 కిలోమీటర్ల లోపు సముద్రంలో చేపల వేట నిషేధం.