యూదు బడిలో చేరుతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి అత్తయ్య ఆశీస్సులు.

వచ్చే నెల నుంచి యూదు పాఠశాలలో మూడో తరగతికి పాఠాలు చెప్పబోతున్నావని మీ నాన్న చెప్పినప్పుడు చాలా సంతోషించాను. న్యూజెర్సీలో అటువంటి బడిలోనే 22 ఏళ్లు సాంఘికశాస్త్రం చెప్పినదాన్ని కనుక, భిన్నత్వాన్ని గురించి ఆ పిల్లలతో ఎలా మాట్లాడాలో నాకు తెలిసినంత మేరకు రాస్తున్నాను.

ముందుగా నా తప్పు చెబుతాను. చేరిన రెండో ఏడు, ఇథియోపియా యూదుల సిగ్ద్ పండుగను పరిచయం చేస్తూ, తరగతిలో ఉన్న ఒకే ఒక నల్లజాతి బాలికను లేపి, మీ ఇంట్లో ఈ పండుగ ఎలా చేసుకుంటారో చెప్పమ్మా అని అడిగాను. ఆ పాప తాతముత్తాతలు అమెరికావారే, ఇథియోపియాతో వారికి ఏ సంబంధమూ లేదు. తల వంచుకున్న ఆ బిడ్డ ఆ ఏడాదంతా నా తరగతిలో మళ్లీ చెయ్యి ఎత్తలేదు. అమెరికాలో జనాభిప్రాయ సర్వేలు జరిపే ప్యూ సంస్థ 2020లో జరిపిన సర్వేలో అమెరికా యూదుల్లో 8 శాతం మంది తాము హిస్పానిక్, నల్లజాతి, ఆసియా వంటి వర్గాలకో, మిశ్రమ జాతులకో చెందినవారమని చెప్పుకున్నారు. ఎవరి కథ ఏమిటో ముఖం చూసి ఊహించకు. వారంతట వారు చెప్పేదాకా ఏ బిడ్డనూ తన వర్గానికి ప్రతినిధిగా నిలబెట్టకు.

భిన్నత్వానికి ఏడాదిలో ఒక రోజు కేటాయించి, వంటకాలూ దుస్తులూ ప్రదర్శించి ముగించే పద్ధతి నాకు నచ్చదు. రోజువారీ పాఠంలోనే దానికి చోటుంది. ఐగుప్తు బానిసత్వం నుంచి విడుదలను తలచుకునే పేసహ్ పండుగనే తీసుకో. తూర్పు ఐరోపా నుంచి వచ్చిన అష్కెనాజీ కుటుంబాలు ఆ రోజుల్లో సంప్రదాయంగా బియ్యమూ పప్పుధాన్యాలూ ముట్టవు. ఇరాకు, ఇరాన్ మూలాల ఇళ్లలో మాత్రం అన్నం వండుతారు. 2015లో అమెరికాలోని కన్సర్వేటివ్ అనే యూదు మతశాఖ ధర్మశాస్త్ర సంఘం తమవారు కూడా వాటిని తినవచ్చని అనుమతించింది. ఒకసారి నా తరగతిలో ఒక అబ్బాయి, అన్నం తినేవాళ్లు నిజమైన యూదులు కారని పక్కవాడితో అన్నాడు. నేను మందలించలేదు, ఇద్దరినీ ఇంటికి వెళ్లి, మన ఇంట్లో ఈ ఆచారం ఎందుకు ఉందని అవ్వాతాతలను అడిగి రమ్మన్నాను. మర్నాడు ఇద్దరి దగ్గరా చెప్పడానికి చాలా ఉంది, మరో నలుగురు పిల్లలూ అడగకుండానే తమ ఇళ్ల సంగతులు తెచ్చారు.

విలువలను బయటి నుంచి తెచ్చి అతికించవలసిన పని లేదు. పరదేశిని బాధపెట్టవద్దని యూదుల మూలగ్రంథమైన తోరా 36 చోట్ల హెచ్చరిస్తుందని, పూర్వపు పండితుల చర్చల సంకలనమైన తాల్ముద్ లెక్కకట్టింది. మీరూ ఐగుప్తులో పరదేశులుగా ఉన్నవారే కదా అన్నది అందుకు చెప్పిన కారణం. ఒకే అచ్చుతో మనిషి ముద్రించిన నాణేలన్నీ ఒకేలా ఉంటాయనీ, దేవుడు అందరినీ ఆదాము అచ్చుతోనే ముద్రించినా ఏ ఒక్కరూ మరొకరిలా ఉండరనీ తాల్ముద్‌కు ఆధారమైన ప్రాచీన ధర్మసంకలనం మిష్నా చెబుతుంది. మూడో తరగతి పిల్లల చేతికి ఒకే రకం నాణేలు ఇచ్చి ఈ మాట చెప్పి చూడు. అయితే ఈ గ్రంథాలను నువ్వు ఒంటరిగా బోధించకు. మనం ఆ మతంలో పుట్టినవాళ్లం కాము. హీబ్రూ ఉపాధ్యాయురాలితో కూర్చుని ఆ వారం చదివే తోరా భాగం ఏమిటో తెలుసుకుని, ఆమెతో కలిసి పాఠం సిద్ధం చేసుకో.

వాదనకు భయపడకు. హిల్లెల్, షమ్మాయి అనే ఇద్దరు ప్రాచీన యూదు గురువుల శిష్యులు మూడేళ్లు వాదించుకున్నారనీ, రెండు పక్షాలవీ సజీవుడైన దేవుని మాటలేనని తేలిందనీ తాల్ముద్‌లో ఉంది. అయినా ఆచరణలో హిల్లెల్ పక్షమే నిలిచింది, ఎందుకంటే వారు తమ మాటకంటే ముందు ఎదుటివారి మాటను చెప్పేవారు. నేను దీన్నే తరగతి నియమంగా పెట్టాను: అవతలివారు ఒప్పుకునేలా వారి అభిప్రాయం చెప్పిన తరువాతే నీ అభిప్రాయం చెప్పాలి. ఆచారాలను కచ్చితంగా పాటించే ఆర్థడాక్స్ ఇంటి పిల్లా, తల్లిదండ్రుల్లో ఒకరు యూదులు కాని ఇంటి పిల్లా ఒకే బల్ల దగ్గర కూర్చునే చోట ఇంతకంటే పనికొచ్చే పద్ధతి నాకు దొరకలేదు.

మీ దేశంలో యూదులున్నారా అని నిన్ను తప్పకుండా అడుగుతారు. కొంకణ తీరపు యూదులైన బెనె ఇస్రాయేలీలు ఏలీయా ప్రవక్త పేరిట అటుకులూ కొబ్బరీ కలిపి చేసే మలీదా గురించి చెప్పు. గుంటూరు జిల్లా కొత్తరెడ్డిపాలెంలో, తమను ప్రాచీన ఇస్రాయేలు గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయిం గోత్రపు సంతతిగా చెప్పుకునే తెలుగు యూదుల గురించి కూడా చెప్పు.

దసరా సెలవుల్లో వచ్చినప్పుడు నా పాఠాల నోటుపుస్తకాలు తీసుకువెళ్లు. పేసహ్ పాఠాలు ఎర్ర అట్ట పుస్తకంలో ఉన్నాయి.

ఆశీస్సులతో,
అత్తయ్య