మేడ మీద ఇంటికి ఎండాకాలంలో ఏ ఫ్యాను మంచిది?

తిరుపతిలో మేడ మీద అద్దెకు దిగామని, ఫ్యాను తిరుగుతున్నా వేడిగాలే వస్తోందని, ఏది కొనాలో చెప్పమని అడిగారు. ఆ ఊళ్లోనే కొర్లగుంటలో మేము అచ్చం అలాంటి ఇంట్లోనే ఆరేళ్లు ఉన్నాం.

ఫ్యాను గదిని చల్లబరచదండీ. ఒంటి మీద చెమటను ఆరబెడుతుంది, అంతే. పగలంతా కాగిన స్లాబు రాత్రి పది దాటినా వేడి కక్కుతూనే ఉంటుంది. పైన చేరిన ఆ వేడినే సీలింగ్ ఫ్యాను కిందికి తోస్తుంది.

మొదటి ఏడాది అందం చూసి సన్న రెక్కల ఫ్యాను కొన్నాం. షాపులో పది ఫ్యాన్లు ఒకేసారి తిరుగుతుంటే ఏ గాలి దేనిదో తెలియలేదు. ఇంట్లో బిగించాక చూస్తే, దాని కింద పడుకున్న మా అవ్వ కొంగు కూడా కదల్లేదు. అగ్నినక్షత్రం, అంటే మే నెల మండుటెండల రోజుల్లో ఆమె తడి తువ్వాలు మెడకు చుట్టుకుని గచ్చు మీద దొర్లుతుంటే చూడలేకపోయాను. డబ్బా మీద అంకెలు చదవడం అప్పుడే నేర్చుకున్నా.

చూడాల్సింది సీఎంఎం, అంటే నిమిషానికి ఎన్ని ఘనపు మీటర్ల గాలి తోస్తుందో చెప్పే అంకె. రెక్కలు తిరిగే మేర 1200 మిల్లీమీటర్లుండే ఫ్యానుకు అది 210కి తగ్గితే వద్దు, 220 పైన ఉంటే మేలు. 2023 నుంచి సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ లేబుల్ తప్పనిసరి కాబట్టి వివరాలన్నీ దాని మీదే దొరుకుతాయి.

డబ్బు కొంచెం ఎక్కువైనా బీఎల్‌డీసీ, అంటే తక్కువ కరెంటుతో తిరిగే మోటారున్న ఫ్యాను తీసుకోండి. మామూలు ఫ్యాను 75 వాట్లు లాగితే ఇది 30 దగ్గర ఆగుతుంది. రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు సుమారు 20 యూనిట్లు మిగులుతాయి. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద కూడా ఎక్కువసేపు వస్తుంది. గోడకున్న పాత రెగ్యులేటర్ మాత్రం తీయించేయండి, దాంతో కలిపి వాడకూడదు.

బిగించేటప్పుడు దగ్గరుండండి. మాకు పొట్టి రాడ్డు వేసి వెళ్లిపోయారు, రెక్కలు స్లాబుకు మరీ దగ్గరైపోయాయి. పైనుంచి గాలి అందకపోతే ఎంత మంచి ఫ్యానైనా కిందికి ఏం తోస్తుంది? కనీసం అడుగు ఎడం ఉండాలి, నేల నుంచి ఎనిమిది తొమ్మిది అడుగుల ఎత్తు చాలు. రాడ్డు మార్పించాకే మాకు తేడా తెలిసింది.

రాత్రిళ్లు మమ్మల్ని నిజంగా కాపాడింది మాత్రం టేబుల్ ఫ్యాను. పొద్దుగూకి బయట గాలి చల్లబడ్డాక, దాన్ని కిటికీ ముందు పెట్టి గాలి లోపలికి వచ్చేలా తిప్పేవాళ్లం. ఎదురు తలుపు తీసి ఉంచితే లోపలి వేడి అటునుంచి పోయేది. అవ్వ మంచం ఆ కిటికీ పక్కకే మార్చాం.

అన్నట్టు, ఇప్పుడున్న ఫ్యాను ఈమధ్యే నెమ్మదించి ఉంటే, కొనేముందు కండెన్సర్ (కెపాసిటర్ అనే చిన్న భాగం) ఒకసారి మార్పించి చూడండి. చాలా తక్కువ ఖర్చు. రెక్కల అంచున పేరుకున్న దుమ్ము కూడా తుడవండి.