వారమైనా ఆరని తలుపు

ప్రశ్న: అయ్యా, మాది ప్రొద్దుటూరులో తాతల నాటి మిద్దె. వీధి తలుపు టేకుది. పాత ఎనామిల్ పెచ్చులూడుతుంటే గీకించి, ఎవరో చెబితే అవిసె నూనె తెచ్చి దట్టంగా రెండు కోటింగులు వేయించాం. వారమైనా చేతికి అంటుతోంది, దుమ్మంతా పట్టేసింది. ఏం చేయాలి? కిటికీ కడ్డీలకు కూడా ఇదే పూయొచ్చా?
– ఒక గృహిణి, ప్రొద్దుటూరు

జవాబు: ఆ 'దట్టంగా' దగ్గరే వచ్చింది చిక్కంతా, అమ్మా. అవిసె నూనె ఆవిరైపోయి ఆరే సరుకు కాదు. గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని గట్టిపడుతుంది. మందంగా పూస్తే పైన మీగడ కట్టి, లోపల పచ్చిగానే ఉండిపోతుంది. మన ఎండకు ఆ మీగడ ఇంకా తొందరగా కట్టి ముడతలు పడుతుంది.

డబ్బా మీద ఏముందో కూడా చూడండి. 'రా' అని ఉంటే అది పచ్చి నూనె, వారాలు తీసుకుంటుంది. హార్డ్‌వేర్ షాపులో 'డబల్ బాయిల్డ్' అని అడగండి. దాంట్లో త్వరగా ఆరేందుకు కోబాల్టు, మాంగనీసు లాంటివి కలుపుతారు. కాబట్టి మిగిలింది కదా అని చపాతీ కర్రకు పూసేరు!

ఇప్పుడున్న జిగటను టర్పెంటైన్‌లో ముంచిన నూలుగుడ్డతో తుడిచేసి, కొన్నాళ్లు ఆరనివ్వండి. తర్వాత బాయిల్డ్ ఆయిల్‌లో కొంచెం టర్పెంటైన్, రెడ్ ఆక్సైడ్ పొడి బాగా కలిపి, ఎండ లేని వేళ పలుచగా పూయించండి. డబ్బులు తీసుకుని అసలు ఏమైనా పూశాడా అని మేస్త్రీని అనుమానించేంత పలుచగా ఉండాలి. అది పూర్తిగా ఆరాకే రెండోది. పొడి కలపని ఉత్త నూనె వీధి వైపు ఎండకు ఎక్కువ కాలం నిలవదు. లోపలి వైపు చెక్క చార కనిపించాలంటే ఉత్త నూనె చాలు. పూసిన పావుగంటకు, చెక్క పీల్చుకోగా మిగిలింది పొడిగుడ్డతో తుడిచేయాలి.

ఆ తుడిచిన గుడ్డలు మాత్రం ఉండచుట్టి మూల పడేయొద్దు. నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. ఉండలో ఆ వేడి బయటికి పోలేక, అగ్గిపుల్ల గీయకుండానే గుడ్డ అంటుకుంటుంది. నేను చెబితే నవ్విన మేస్త్రీలున్నారు. మీరు నవ్వకుండా గుడ్డలను నీళ్ల బకెట్లో ముంచండి, లేదా ఆరుబయట తీగ మీద విడివిడిగా పరచండి.

కడ్డీలకు పూయొచ్చు. తుప్పును వైర్ బ్రష్‌తో తీసి, ఇదే రెడ్ ఆక్సైడ్ రంగు పలుచగా వేయించండి. కానీ పాత రంగును పొడిగా గీకించొద్దు. వెనకటి రంగుల్లో సీసం ఉండేది. ఇళ్ల రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 మించకూడదన్న నిబంధన అమల్లోకి వచ్చింది 2017లోనే. కాబట్టి నీళ్లు పెట్టి వాటర్ పేపర్‌తో రుద్దించండి, పిల్లల్ని దూరంగా ఉంచండి. తలుపు నుంచి రాలిన పెచ్చులు ఇంకా వాకిట్లో ఉంటే తడిపి ఎత్తేయండి.

ప్రశ్న: కొత్త జీఐ రేకు గేటుకు ఎనామిల్ వేస్తే ఏడాదికే పొరలుగా లేచిపోయింది. అవిసె నూనె రంగు నిలుస్తుందా?
– ఒక పాఠకుడు, తాడిపత్రి

జవాబు: నిలవదన్నా. జీఐ రేకు మీద జింకు పూత ఉంటుంది. నూనె రంగు దాంతో కలిసి సబ్బులా మారి పట్టు వదిలేస్తుంది. లేచిన పొరంతా తీయించి, ముందు జీఐకి పనికొచ్చే ప్రైమర్ అడిగి వేయించండి.