పాత వాక్యూమ్ క్లీనర్‌కు మెరుగు పెట్టే ముందు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: మా పెదనాన్నగారు గుంటూరు వైద్య కళాశాలలో చదివి, అమెరికాలో కొన్నేళ్లు పనిచేసి, 1970లలో తిరిగి వస్తూ తెచ్చుకున్న హూవర్ వాక్యూమ్ క్లీనర్ మా అటక మీద ఉంది. నిలువుగా, పొడవాటి పిడితో, వెనుక గుడ్డ సంచితో ఉంటుంది. దాని లోహపు ఒళ్లంతా మసకబారి, తెల్లటి పొడలు తేలింది. ఇత్తడి సామాను తోమినట్లు చింతపండుతో, బూడిదతో తోమవచ్చునా? ముందు ప్లగ్గు పెట్టి తిరుగుతుందేమో చూద్దామని మావారు అంటున్నారు. (ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ)

జవాబు: దయచేసి ప్లగ్గు మాత్రం పెట్టకండి. అమెరికా ఇళ్లలో కరెంటు 120 వోల్టులు, మన ఇళ్లలో 230. అక్కడి యంత్రాన్ని ఇక్కడి గోడ ప్లగ్గులో పెడితే మోటారు విపరీతమైన వేగంతో తిరిగి, నిమిషాల్లోనే వైండింగు (లోపలి రాగి తీగ చుట్లు) మాడిపోతుంది. ఇన్నేళ్లు చెక్కుచెదరకుండా ఉన్న మోటారును చూసే తొందరలో పోగొట్టుకున్నవారు నాకు తెలుసు.

యంత్రం మీద ఎక్కడో ఒక చిన్న లోహపు పట్టీ ఉంటుంది. దుమ్ము తుడిచి, వోల్టులు, ఆంపియర్లు ఎంత రాసి ఉన్నాయో చూడండి. ఉదాహరణకు 120 వోల్టులు, 5 ఆంపియర్లు అని ఉంటే అది 600 వాట్ల యంత్రం. మొదలయ్యే క్షణంలో మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది కనుక, దానికి 230 వోల్టులను 120కి తగ్గించే, కనీసం 1000 వాట్లు మోయగల స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తీసుకోవడం మంచిది. అక్కడి కరెంటు సెకనుకు 60 సైకిళ్లు (హెర్ట్జ్), మనది 50 అన్న బెంగ అక్కరలేదు. తిరిగే భాగానికి కరెంటు అందించే బొగ్గు బ్రష్షులున్న ఈ మోటార్లకు ఆ తేడా పట్టదు.

ట్రాన్స్‌ఫార్మర్ కొన్నాక కూడా ఆగవలసిన చోటు ఇంకొకటి ఉంది. పాత వైరు మీది రబ్బరు ఎండిన అప్పడంలా పెళుసెక్కి ఉంటుంది, వంచితే రాలిపోతుంది. పైగా ఆనాటి వైర్లలో చాలావాటికి రెండు తీగలే ఉండేవి, లోహపు ఒంటికి ఎర్త్ ఉండేది కాదు. మూడు తీగల కొత్త వైరు వేయించి, ఆకుపచ్చ తీగను లోహపు ఒంటికి బిగించి, ట్రాన్స్‌ఫార్మర్‌కు కూడా ఎర్త్ పిన్ను ఉందో లేదో చూసుకోండి. ఆ తరువాత ఏదైనా మోటారు వైండింగు దుకాణంలో 500 వోల్టుల మెగ్గర్‌తో (కరెంటు లీకవుతోందేమో చూపే మీటరు) వైండింగుకూ ఒంటికీ మధ్య కొలిపించండి. 1 మెగోమ్ (పది లక్షల ఓములు) కంటే తక్కువ చూపితే నడపకూడదు. అటక మీది చెమ్మ వల్ల కూడా అలా చూపవచ్చు కనుక, రెండు మూడు రోజులు ఎండ తగిలే చోట ఆరబెట్టి మళ్లీ కొలిపించి చూడండి.

ఇక మెరుగు సంగతి. మీ యంత్రం ఒళ్లు బహుశా అల్యూమినియం పోత అయివుంటుంది. మన వంటింట్లోనే దీని గుణం కనిపిస్తుంది: రోజూ నీళ్లు కాచే సత్తు గిన్నె లోపల నల్లబడుతుంది, పులుసు కాచిన గిన్నె తెల్లగా మెరుస్తుంది. పులుపు ఆ నలుపును తీసేస్తుంది. క్షారం నలుపు తెస్తుంది. అందువల్ల చింతపండుతో పెద్ద నష్టం లేకపోయినా, బూడిద, చాకలి సోడా దగ్గరికి రానివ్వకండి. నేను మొదటిసారి ఒక మూతను వేడి సోడా నీళ్లలో నానబెట్టి, గంట తరువాత బొగ్గు రంగులో పైకి తీశాను. ఆ నలుపు వదిలించడానికి నాలుగు ఆదివారాలు పట్టింది.

రుద్దే ముందు అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకుంటే అది ఇనుము, దాని మీద ఉన్నది పూత. అంటుకోకపోయినా నీలి ఛాయతో అద్దంలా మెరుస్తుంటే క్రోమియం పూత కావచ్చు. పూత ఉన్నచోట గరుకు కాగితం తగలకూడదు, పోయిన పూత తిరిగి రాదు. సబ్బు నీళ్లు, మెత్తని గుడ్డ చాలు. అల్యూమినియమే అని తేలితే, మోటారు విడదీసి పక్కన పెట్టి, జిడ్డును కిరసనాయిలుతో తుడిచి, నీటి కాగితంతో (తడిపి వాడే గరుకు కాగితం) 400, 600, 1000, 1500 నంబర్ల వరుసలో తడిపి రుద్దండి. ఒక నంబరు నిలువుగా రుద్దితే తరువాతది అడ్డంగా రుద్దాలి. అప్పుడే ముందటి గీతలు పూర్తిగా పోయాయో లేదో కంటికి తెలుస్తుంది. గీత మిగిలి ఉండగా తరువాతి నంబరుకు వెళితే, చివరి మెరుపులో ఆ గీత మరింత స్పష్టంగా కనిపిస్తుంది. ఆ పైన గుడ్డ చక్రానికి గోధుమరంగు పాలిష్ కడ్డీ పట్టించి బఫింగు చేయాలి, అంటే తిరిగే ఆ చక్రానికి లోహాన్ని ఆనించి మెరుగు పెట్టాలి. చక్రం మీకు లేకపోతే ఆటోనగర్‌లో లారీ భాగాలకు మెరుగు పెట్టేవారిని అడిగి చూడండి. అయితే అక్షరాలు పోతపోసి ఉన్నచోట గట్టిగా నొక్కవద్దని ముందే చెప్పండి, అంచులు కరిగిపోతాయి. పని అయ్యాక ఉపరితలం మీద మిగిలే నల్లటి జిడ్డును పొడి మైదాపిండి చల్లి మెత్తని గుడ్డతో తుడిస్తే, పిండి బూడిదరంగుకు తిరుగుతూ లోహం తేటపడుతుంది. నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైన నిమిషం అది.

ప్రశ్న: 1980లలో ఇంటికి వచ్చి అమ్మిన యూరోక్లీన్ యంత్రం మా దగ్గర ఉంది. లోపల నిప్పురవ్వలు వస్తుంటే బొగ్గు బ్రష్షులు మార్చాను. అయినా తగ్గలేదు. (ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: 1982లో మొదలైన యురేకా ఫోర్బ్స్ కంపెనీ ఈ యంత్రాలను ఇంటింటికీ తిరిగి చూపించి అమ్మింది. ఇక మీ బ్రష్షుల విషయం. కొత్త బ్రష్షు కొస చదునుగా ఉంటే, గుండ్రటి కమ్యుటేటర్‌ను (బ్రష్షులు ఆనే, రాగి బిళ్లలతో కూర్చిన తిరిగే భాగం) అది పూర్తిగా తాకదు. గాజు కాగితాన్ని గరుకు వైపు పైకి ఉండేలా కమ్యుటేటర్‌కు చుట్టి, చేత్తో మోటారు తిరిగే దిశలో తిప్పితే బ్రష్షు కొస ఆ వంపుకు అరుగుతుంది. ఎమెరీ కాగితం వాడకండి. దాని రజను రాగి బిళ్లల మధ్య సందుల్లో ఇరుక్కుంటుంది. ఆ సందుల్లో ఉండే అభ్రకం రాగి కంటే పైకి తేలి ఉందేమో కూడా చూడండి. ఉంటే బ్రష్షు ఎగిరెగిరి పడుతుంది. బొగ్గు పొడినంతా ఊది, ఐదు నిమిషాలు నడిపి చూడండి. చిన్న నీలి రవ్వలు ఉంటే భయం లేదు. కమ్యుటేటర్ చుట్టూ మంట వలయంలా కనిపిస్తూ, ఒకే రాగి బిళ్ల నల్లగా కాలి ఉంటే మాత్రం ఆర్మేచర్ (మోటారులో తిరిగే భాగం) వైండింగు పోయినట్లే. దానికి బ్రష్షులు ఎన్ని మార్చినా ప్రయోజనం లేదు.

ప్రశ్న: చిరిగిన సంచికి బదులు ఏ గుడ్డ కుట్టించాలి? (ఒక పాఠకురాలు, కృష్ణలంక, విజయవాడ)

జవాబు: ఇలాంటి సంచి ఉన్న వాక్యూమ్ క్లీనర్‌కు 1908లో అమెరికాలో పేటెంటు పొందిన జేమ్స్ స్పాంగ్లర్ తన తొలి యంత్రానికి దిండు గలీబునే సంచిగా కట్టాడు. మీరు మాత్రం గట్టి నేత ఉన్న నూలు డ్రిల్లు గుడ్డ తీసుకోండి. గుడ్డ నోటికి అడ్డం పెట్టి ఊదితే గాలి కష్టంగా పోవాలి, కానీ పోవాలి. అసలు పోకపోతే యంత్రం పీల్చలేదు, సులువుగా పోతే దుమ్ము తిరిగి గదిలోకే వస్తుంది. కుట్టించే ముందు ఒకసారి ఉతికి ఆరవేయండి, గంజి పెట్టకండి. పాత సంచి కుట్లు విప్పి, ఇస్త్రీ చేసి, దర్జీకి కొలతగా ఇవ్వండి. దాని మీద కంపెనీ పేరు అచ్చయి ఉంటే దాన్ని కత్తిరించవద్దని చెప్పి, పని అయ్యాక తిరిగి తెచ్చుకుని యంత్రంతో పాటే దాచండి.