పాత ఇంటికి ఆనించి గది కడితే అతుకు దగ్గర పగులు ఎందుకు వస్తుంది?
పాత ఇల్లు దిగాల్సినంత దిగి కుదురుకుంది. కొత్త పునాది మాత్రం బరువు పడ్డాక, ముఖ్యంగా నల్లరేగడిలో, మొదటి రెండు మూడు వానాకాలాలు కదులుతుంది. పాత గోడ ఇటుకల్లో పళ్లలా గాళ్లు కొట్టి కొత్త గోడ ఇటుకలు వాటిలో కలిపితే పగులు అక్కడే పుడుతుంది. ఎన్నిసార్లు సిమెంటు పూసినా మళ్లీ తెరుచుకుంటుంది.

కొత్త గదికి సొంత పిల్లర్లు, సొంత గోడ వేసి మధ్యలో 25 మి.మీ. సందు వదలండి. అందులో థర్మోకోల్ షీటు పెట్టి, బయటి అంచున రబ్బరులా సాగే సీలెంట్ (సందు మూసే పేస్టు) నింపాలి. అసలు తంటా స్లాబు మీద: సందుకు రెండు వైపులా 150 మి.మీ. ఎత్తు గట్టు కట్టి, పైన అల్యూమినియం రేకును ఒక్క వైపే బిగించాలి. రెండు వైపులా బిగిస్తే కదలికకు స్క్రూలు ఊడి, నీళ్లు గోడలోకి దిగుతాయి.

పాత పునాది పక్కన దాని అడుగు కంటే లోతుగా తవ్వొద్దు. తప్పదంటే ముందు స్ట్రక్చరల్ ఇంజనీరుకు చూపించండి. మీటరు మీటరు ముక్కలుగానే తవ్వించండి, వానాకాలంలో అసలు వద్దు.